అమ్మతో కలకత్తా క్రిస్మస్

మా ఇంట్లో ఏటా క్రిస్మస్‌కి కేకు కొంటాం. మేం క్రైస్తవులం కాదు. ఈ అలవాటు అమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. అమ్మ పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర పల్లెల వాళ్లు ఎంతోమంది పని కోసం ఆ ఊరు వెళ్లి అక్కడే ఉండిపోయారు. తాతగారూ అలా వెళ్లినవారే, రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. పక్క క్వార్టర్లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేదట. డిసెంబరు చివర్లో వాళ్లింటి నుంచి పిండివంటల పళ్లెం వచ్చేది. సంక్రాంతికి అదే పళ్లెంలో అమ్మమ్మ అరిసెలు పెట్టి పంపేది. ఆ సెలవుల్లోనే ఒకరోజు తాతగారు పిల్లలందరినీ లోకల్ రైలెక్కించి కలకత్తా చూపించి తెచ్చేవారు.

పెళ్లయి విశాఖ వచ్చేశాక అమ్మ ఒకటి రెండుసార్లు కలకత్తా వెళ్లింది గానీ క్రిస్మస్‌కి మాత్రం కుదరలేదు. మొన్న డిసెంబరులో నాకు సెలవులు కలిసొచ్చాయి. "వెళ్దామా అమ్మా?" అని అడిగితే, మోకాళ్ల నొప్పుల మాట ఎత్తకుండా లేచి వెళ్లి బీరువాలో స్వెట్టరు వెతుక్కుంది.

విశాఖలో రాత్రి రైలెక్కితే తెల్లారాక ఖరగ్‌పూర్ వస్తుంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫాం ఇక్కడిదే, 1072 మీటర్లు. ఇప్పుడు ఆ పేరు హుబ్బళ్లికి పోయింది. అమ్మ తలుపు దగ్గర నిలబడి బెంగాలీలో టీ అడిగింది. టీ అమ్మే పెద్దాయన మా ఇద్దరి మాటలూ అప్పటికే విన్నట్టున్నాడు, "చిల్లర ఉందా అమ్మా?" అని తెలుగులోనే అడిగాడు. చిన్న మట్టి ముంతలో టీ, పొగలు కక్కుతూ. రైలు కదిలాక కూడా అమ్మ చాలాసేపు సీటు దగ్గరకి రాలేదు.

హౌరాలో దిగితే ఇప్పుడు నది అడుగునుంచి మెట్రో ఉంది, 2024 మార్చిలో మొదలైంది. నిమిషంలోపే హుగ్లీ దాటేస్తుంది. నాకు దాని మీదే మోజు. అమ్మ మాత్రం బ్రిడ్జి మీదనుంచే వెళ్దామంది, పసుపుపచ్చ టాక్సీ దొరికేదాకా ఆగుదామంది. ఆ అంబాసిడర్లు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి, అయినా ఒకటి దొరికింది. 1943లో తెరిచిన ఆ వంతెనలో సుమారు 26,500 టన్నుల ఉక్కు ఉంది. ఎక్కడా నట్లూ బోల్టులూ లేవు, అంతా రివెట్ల మీదే నిలబడింది. ఫిట్టర్ పని చేసిన తాతగారు పిల్లల్ని వంతెన మధ్యలో ఆపి ఆ రివెట్లే చూపించేవారట. టాక్సీలోంచి అమ్మ నాకు వాటినే చూపించింది.

సడర్ స్ట్రీట్‌లో గది తీసుకున్నాం. అక్కణ్నుంచి న్యూమార్కెట్ నడిచి వెళ్లేంత దగ్గర. 1874లో కట్టిన ఎర్ర ఇటుకల బజారు, అధికారిక పేరు హాగ్ మార్కెట్. క్రిస్మస్ వారంలో బయట పేవ్‌మెంట్ మీద అడుగు పెట్టే చోటు ఉండదు. ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్లు, వెండి నక్షత్రాలు, గంటలు, శాంతా టోపీలు. అమ్మేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు, బేరమాడేవాళ్లలో ఎక్కువమంది బొట్టూ శంఖు గాజులూ ఉన్న బెంగాలీ ఇల్లాళ్లు. మా గుంటూరు బంధువుల ఊళ్లలో క్రిస్మస్ బాగా తెలుసు నాకు. ఇంటి మీద నక్షత్రం, కొత్త బట్టలు, అర్ధరాత్రి ఆరాధన, మర్నాడు విందు. అక్కడ అది గుడికీ ఇంటికీ చెందిన పండుగ. ఇక్కడ ఊరంతటి పండుగ, చర్చి గడప ఎప్పుడూ తొక్కనివాళ్లు కూడా తమదే అనుకుంటారు. బెంగాలీలు దాన్ని బొరోదిన్ అంటారు. "కేకు తినకపోతే బొరోదిన్ ఎలా అవుతుంది మాషీ?" అని రిబ్బన్లు అమ్మే కుర్రాడు అమ్మని అడిగాడు. మాషీ అంటే పిన్ని. ఆ రెండు మూడు రోజులూ అమ్మ ఊరందరికీ మాషీయే.

మార్కెట్ లోపల నహూమ్స్ బేకరీ ముందు క్యూ నడవా చివరిదాకా వెళ్లి మలుపు తిరిగింది. బాగ్దాద్ నుంచి వచ్చిన యూదు కుటుంబం 1902లో ఇంటింటికీ తిరిగి రొట్టెలు, బిస్కెట్లు అమ్ముతూ మొదలుపెట్టిన వ్యాపారం ఇది. ఈ మార్కెట్లోకి 1916లో వచ్చింది. ఒకప్పుడు కలకత్తాలో వేలల్లో ఉన్న బాగ్దాదీ యూదులు స్వాతంత్ర్యం వచ్చాక ఇజ్రాయెల్, ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకి వెళ్లిపోయారు. ఇప్పుడు మిగిలింది చాలా కొద్దిమంది. వాళ్ల ప్రార్థనా మందిరాలను తరాలుగా కనిపెట్టుకుని ఉన్నది ముస్లిం కుటుంబాలు. పార్క్ స్ట్రీట్‌లోని జ్యూయిష్ గర్ల్స్ స్కూల్లో చదివేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం అమ్మాయిలు. అలాంటి ఊళ్లో యూదుల కొట్టు ముందు, క్రైస్తవుల పండుగ కేకు కోసం, హిందువులూ ముస్లింలూ గంటలకొద్దీ నిలబడి ఉన్నారు. ఎవరికీ అది విశేషంగా అనిపించడం లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

క్యూలో నిలబడ్డవాళ్లు అమ్మకి ఎక్కడినుంచో ఒక స్టూలు తెప్పించారు. క్యూ జరిగినప్పుడల్లా స్టూలూ జరిగింది. లోపల పాత టేకు బల్లలు, అద్దాల అరలు, వాటిలో రమ్ బాల్స్, నిమ్మ టార్ట్‌లు, చికెన్ ప్యాటీలు. ఎండుపళ్లు దట్టించిన ఫ్రూట్ కేకు నల్లగా, బరువుగా ఉంది. పైన క్రీమ్ లేదు, అలంకారం లేదు. గదికి వచ్చి కోసుకుంటే చాకుకి అంటుకుపోయింది. విశాఖలో ఇన్నేళ్లు తిన్న మెత్తటి ప్లమ్ కేకు నాకిక ఆనదేమో.

ఇరవై నాలుగు సాయంత్రం ఎక్కడ గడపాలన్నది అమ్మే చెప్పింది. అందరూ పార్క్ స్ట్రీట్ అంటారు, అమ్మ బేలూర్ మఠం అంది. రామకృష్ణ మఠంలో క్రిస్మస్ ఏమిటని మీరూ అనుకుంటారు. దానికో కథ ఉంది. రామకృష్ణ పరమహంస 1886 ఆగస్టులో దేహం చాలించారు. ఆ డిసెంబరులో నరేంద్రుడూ (తర్వాత వివేకానందుడైనది ఆయనే) తోటి శిష్యులూ హుగ్లీ జిల్లాలోని ఆంట్‌పూర్‌కి వెళ్లారు. ఒక రాత్రి ఆరుబయట ధుని వెలిగించుకుని కూర్చున్నప్పుడు నరేంద్రుడు ఏసుక్రీస్తు జీవితం, ఆయన శిష్యుల త్యాగం గురించి ఎంతోసేపు మాట్లాడాడు. ఆ మంట ముందే అందరూ సన్యసించాలని సంకల్పం చెప్పుకున్నారు. అది క్రిస్మస్ ముందు రాత్రి అన్న సంగతి వాళ్లకి తర్వాతగానీ తట్టలేదట. అందుకే మఠంలో ఏటా ఆ సాయంత్రం క్రీస్తును పూజిస్తారు.

మెట్రోలో దక్షిణేశ్వర్ దాకా వెళ్లి, అక్కడ పడవెక్కి నది దాటి బేలూర్ చేరాం. చలిగాలికి అమ్మ కొంగు మీద శాలువా, శాలువా మీద మఫ్లరు. పడవలో బెంగాలీ పెద్దవాళ్లంతా మంకీ క్యాపుల్లో ఉన్నారు. పద్నాలుగు డిగ్రీలకే అంత జాగ్రత్త, మా విశాఖవాళ్లకీ అది మామూలే కాబట్టి చక్కగా కలిసిపోయాం. హారతి అయ్యాక, బాలయేసును ఎత్తుకున్న మరియమ్మ పటం ముందు పూలు, కొవ్వొత్తులు, పళ్లు, కేకులు పెట్టారు. కాషాయం కట్టిన స్వాములు క్రిస్మస్ పాటలు పాడారు. తర్వాత బైబిల్‌లోంచి క్రీస్తు పుట్టుక ఘట్టం చదివారు. నేల మీద కూర్చున్న వందలమందిలో చిన్న పిల్లలు కూడా కదల్లేదు. ఇన్నేళ్లలో చాలా గుళ్లకీ చర్చిలకీ వెళ్లాను. ఆ గంటలో కలిగిన నెమ్మది నాకు ఎక్కడా కలగలేదు. క్రిస్మస్‌కి కలకత్తా వెళ్లే తెలుగువాళ్లెవరైనా సరే, ఈ సాయంత్రాన్ని వదులుకోవద్దని గట్టిగా చెప్తాను.

పండుగ రోజు పొద్దున సెయింట్ పాల్స్ కేథడ్రల్‌కి వెళ్లాం. 1847 నాటిది. 1897 భూకంపంలో శిఖరం కూలితే తిరిగి కట్టారు, 1934లో మళ్లీ కూలింది. ఇప్పుడున్న గోపురం ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ చర్చి గోపురం నమూనాలో ఆ తర్వాత కట్టింది. పడమటి గోడకున్న రంగు అద్దాల కిటికీ ఇంగ్లిష్ చిత్రకారుడు బర్న్ జోన్స్ గీసినది, తప్పకుండా చూడాలి. అక్కణ్నుంచి అలీపూర్ జూకి వెళ్దామని అమ్మ ఆశపడింది. బొరోదిన్‌కి జూకి వెళ్లడం బెంగాలీలకి ఆనవాయితీ, తాతగారూ తీసుకెళ్లేవారు. కానీ ఆ జనం చూశాక ఇద్దరమూ వద్దనుకుని, కమలాలు కొనుక్కుని మైదానంలో ఎండలో కూర్చున్నాం. దూరంగా విక్టోరియా మెమోరియల్ కనిపిస్తూనే ఉంది. ఒక పక్క క్రికెట్, ఒక పక్క గాలిపటాలు, టిఫిన్ క్యారియర్లు విప్పుకున్న కుటుంబాలు. మధ్యాహ్నమంతా అలాగే గడిచిపోయింది.

పార్క్ స్ట్రీట్ సాయంత్రం చూశాం. రోడ్డు మొత్తానికి దీపాల పందిరి, అలెన్ పార్క్‌లో వేదిక మీద పాటలు, 1927 నాటి ఫ్లూరీస్ టీ రూమ్ ముందు పొడవాటి వరస, వెలిగే కొమ్ముల హెయిర్‌బ్యాండ్లు పెట్టుకున్న అమ్మాయిలు. బండ్లు ఆపేసి రోడ్డంతా నడిచేవాళ్లకే వదిలేశారు. అందంగా ఉంది, నిజమే. అయితే పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు చీకటి పడగానే వెళ్లి గంటలో బయటపడటం మేలు. ఆ తర్వాత తోపులాట ఎక్కువ, టెన్షన్ కూడా.

మేం అలా బయటపడి బౌ బ్యారక్స్‌కి వెళ్లాం. బౌబజార్ పోలీస్ స్టేషన్ వెనక ఒక చిన్న వీధి, ఇరువైపులా ఎర్ర ఇటుకల మూడంతస్తుల ఇళ్లు, ఆకుపచ్చ కిటికీ రెక్కలు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సైనికుల కోసం కట్టినవి. తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అద్దెకు దిగాయి. ఆ కుటుంబాల్లో ఎందరో విదేశాలకి వెళ్లిపోయారు. కట్టడాలు పాతబడ్డాయి, పడగొట్టాలన్న మాటలు ఎన్నోసార్లు వచ్చాయి. ఉన్నవాళ్లు కదల్లేదు. క్రిస్మస్‌కి వెళ్లిపోయినవాళ్లు కూడా పిల్లాపాపలతో తిరిగొస్తారు.

వీధి నిండా కుర్చీలు, స్పీకర్లో పాత ఇంగ్లిష్ పాటలు, వాటికి డాన్స్ చేస్తున్న తాతలూ మనవళ్లూ. గుమ్మాల ముందు బల్లలు వేసి ఇంట్లో చేసిన కేకులు, అల్లం వైన్ అమ్ముతున్నారు. ఒక బల్ల దగ్గర అమ్మ ఆగిపోయింది. డబ్బాలో పంచదార పట్టించిన కుల్‌కుల్‌లు. "ఇవి మన గవ్వలేనే" అంది నాతో. నిజంగా అవే. పిండి ఉండను ఫోర్కు వెనకో దువ్వెన మీదో నొక్కి చుట్టి వేయిస్తారు. మనం గవ్వల చెక్క మీద చుడతాం, అంతే తేడా. పక్క డబ్బాలో ఉన్నవి రోజ్ కుకీలు, అచ్చుని పిండిలో ముంచి నూనెలో వదిలే మన గులాబీ పువ్వులు. అవి అమ్ముతున్న పెద్దావిడకి అమ్మ బెంగాలీ, ఇంగ్లిష్ కలిపి ఖరగ్‌పూర్ సంగతి చెప్పింది. ఆవిడ వాళ్లాయన కూడా రైల్వేయేనట, ఇంజిన్ డ్రైవర్. ఇక ఇద్దరూ కుర్చీలు దగ్గరకి లాక్కున్నారు. ఏ క్వార్టర్లు, ఏ స్కూలు, రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులు, ఎవరు పెర్త్ వెళ్లారు, ఎవరు పోయారు. అమ్మ పక్కింటివాళ్ల పేరు చెబితే ఆవిడ ఆలోచించి, తెలియదంది. అయినా మాటలు ఆగలేదు. నాకు తినడానికి ఏదో ఒకటి చేతిలో పెడుతూనే ఉంది. డబ్బులివ్వబోతే కేకు వరకూ తీసుకుంది, కుల్‌కుల్‌లకి తీసుకోలేదు. అమ్మ ఆవిడ అడ్రసు రాయించుకుంది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున మిగిలిన పని నోలెన్ గుడ్. ఇది చలికాలంలోనే దొరికే ఈత బెల్లం. సాయంత్రం ఈత చెట్టుకి గీత పెట్టి కుండ కట్టి, తెల్లవారకముందే నీరా దించి, పులియకముందే కాస్తారు. చలి ఎంత ఉంటే రసం అంత స్వచ్ఛంగా ఉంటుంది. మన తెలంగాణలో, ఆంధ్రాలో అవే ఈత చెట్లు, మనం ఎక్కువగా కల్లుకే వాడుకుంటాం. బౌబజార్లోనే ఉన్న భీమ్ చంద్ర నాగ్ కొట్టులో ఆ బెల్లం వేసిన సందేశ్ మిఠాయి తిన్నాం. కొట్టు గోడ మీద బెంగాలీ అంకెలున్న పాత గడియారం ఉంది, అమ్మ నాకు అందులో టైము చదవడం నేర్పింది. తర్వాత జయనగర్ మోవాలు కొన్నాం, నోలెన్ గుడ్‌తో కట్టిన పేలాల ఉండలు. మోవాలు తాజాగా ఉన్నప్పుడే తినేయాలి, ఊరికి దాచి తెద్దామనుకోకండి. పటాలీ అనే గట్టి బెల్లం అచ్చులైతే నిలవ ఉంటాయి.

అమ్మ ఆ అచ్చులు చాలానే కొంది. సంక్రాంతి అరిసెలు ఈసారి ఈత బెల్లంతో చేస్తుందట. చేశాక కొన్ని డబ్బాలో పెట్టి బౌ బ్యారక్స్ అడ్రసుకి కొరియర్ చెయ్యాలని ఇప్పటికే నాకు పని అప్పగించింది. పాకం విరగకుండా కుదురుతుందో లేదో ముందు ఒక చిన్న వాయి వేసి చూడమని చెప్పాను.