తాళం తీసినా తిరిగిన ఇంజన్

తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాను కానీ, బానెట్ కింద ఇంజన్ మాత్రం దగ్గు తెరలు ఆగని ముసలాయనలా ఎగిరెగిరి పడుతూనే ఉంది. చివరికి బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, నాలుగో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలితే ఒక్క కుదుపుతో ఆగింది.

స్పార్కే లేనప్పుడు పెట్రోలు ఎలా మండుతోందని మీరూ అడుగుతారు. సిలిండర్‌లో పేరుకున్న మసి నిప్పుకణికలా ఎర్రబడి ఉంటే, కార్బ్యురేటర్ గుండా ఇంకా లోపలికి వస్తున్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని ఆ వేడే అంటిస్తుంది. తాళం తిప్పగానే పెట్రోలు ఆగిపోయే ఇంజెక్షన్ బండ్లకు ఈ బాధ దాదాపు లేదు.

నేను మసినే అనుమానించాను. మెకానిక్ మాత్రం "ముందు ఐడిలింగ్ చూద్దాం సార్" అన్నాడు, అంటే యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం. నిమిషానికి 850 చుట్ల దగ్గర ఉండవలసినది 1,200 తిరుగుతోంది. పొద్దున్నే బండి ఆగిపోతోందని చలికాలంలో ఆ వేగం పెంచే స్క్రూ బిగించిన మహానుభావుడిని నేనేనని అతనికి చెప్పలేదు.

అసలు దొంగ వేరే ఉన్నాడు. తాళం ఆన్ చేయగానే కార్బ్యురేటర్ పక్కనున్న చిన్న సోలినాయిడ్ (కరెంటుతో సూదిని కదిపే వాల్వు) 'టిక్' మనాలి, ఆఫ్ చేస్తే దాని సూది ముందుకు వచ్చి ఐడిల్ జెట్‌ను, అంటే ఐడిలింగ్‌కు పెట్రోలు వెళ్ళే సన్నని రంధ్రాన్ని, మూసేయాలి. మాది చెవి పెట్టి విన్నా పలకలేదు. విప్పి చూస్తే, సూది చుట్టూ జిగురులా గోధుమరంగు మడ్డి పట్టి, అది తెరుచుకున్న చోటే బిగుసుకుపోయి ఉంది.

కడిగి బిగించాక 'టిక్' మంది. సాయంత్రం మూడుసార్లు ఆపి చూశాను, మూడుసార్లూ వెంటనే ఆగింది. ప్లగ్గుల మీది మసి సంగతి ఆదివారం చూడాలి.