ఎర్ర రంగు పారిన దారి: రామప్ప చెరువు మీద మూడు రోజులు

పడవ వెనక భాగంలో, నా మడమల దగ్గర, నీళ్లు మళ్లీ చేరాయి. జనవరి రెండో వారం. రామప్ప చెరువు నడుమ ఉదయపు గాలికి తెరచాప నిండుగా ఉబ్బి పడవ చక్కగా సాగుతోంది. మా బావ ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు తోడి పోస్తూ లెక్క పెడుతున్నాడు. అరగంటలో 14 మగ్గులయ్యాయి. బయలుదేరే ముందు హనుమకొండలో నీళ్లు బయటికి వదిలే రంధ్రానికుండే వెనక బిరడాకు కొత్త రబ్బరు వాషరు వేయించి, ఇక నీటి బాధ తీరిందన్న ధైర్యంతో వచ్చినవాళ్లం కనుక, తిరిగి ఒడ్డుకు చేరేదాకా ఇద్దరమూ ఆ సంగతి ఎత్తలేదు.

మా పడవ ఎంటర్‌ప్రైజ్ అనే రకానిది. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ రూపొందించిన ఈ పడవ పొడవు 13 అడుగుల 3 అంగుళాలు. ఇద్దరు నడిపేది, నీలి తెరచాప దాని గుర్తు. హుసేన్ సాగర్‌లో చాలాకాలం తిరిగి మూలన పడిన ఒక పాత ఫైబర్ పడవను కొని, డీసీఎంలో హనుమకొండకు చేర్చాం. అక్కడి నుంచి ములుగు, జంగాలపల్లి, వెంకటాపూర్ మీదుగా చెరువున్న పాలంపేట సుమారు 70 కిలోమీటర్లు. చెరువులో చేపలు పట్టేవారి సంఘం పెద్దలను ముందే కలిసి, వలలు వేసే వైపు వెళ్లబోమని మాటిచ్చాం.

వాళ్లలో ఒక పెద్దాయన, మేము కాకా అని పిలిచే మనిషి, మేం మళ్లీ బిరడా విప్పుతుంటే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "నీళ్లు నిలవడ్డ కాడనే బొక్క ఉంటదనుకుంటే ఎట్ల సారూ? పల్లం ఏడుంటె ఆడికి పోతయి నీళ్లు" అన్నాడు. మేం ఇద్దరం కూర్చునేది వెనక వైపే కనుక పడవ వెనక్కి ఒరుగుతుంది. ముందు భాగంలో దూరిన చుక్క కూడా నేల మీదుగా జారి బిరడా దగ్గరికే చేరుతుంది. నెల రోజులుగా మేం బాగు చేస్తున్నది నీళ్లు చేరిన చోటునే తప్ప దూరిన చోటును కాదని నాకు అప్పుడు తెలిసింది.

సముద్రంలో తిరిగే పడవలవాళ్లకు ఒక సులువుంది. లోపల చేరిన నీటిని నాలుక మీద వేసుకుని, ఉప్పగా ఉంటే అడుగు నుంచి వచ్చిందని, చప్పగా ఉంటే వాన నీరో తాగునీటి తొట్టి కారడమో అని తేల్చుకుంటారు. చెరువులో ఆ కిటుకు పనికిరాదు. అయితే జనవరిలో మాకు వాన లేదు. కాబట్టి పై నుంచి పడిన నీరు కాదన్నది మాత్రం ఖాయం.

ఆ మధ్యాహ్నమంతా పడవలోని ప్రతి మూలనూ పాత నూలు గుడ్డలతో తుడిచి ఎండబెట్టాం. తడి ఉన్నచోట కొత్త తడి కనబడదు. వెతుకులాటలో సగం పని ఆరబెట్టడమే. ఆరిన పడవను తెరచాప ఎత్తకుండా నీళ్లలోకి దింపి, తాడుతో కట్టి అరగంట కూర్చున్నాం. ఒక్క చుక్క రాలేదు. బావ సంతోషించాడు గానీ నాకు దిగులు పెరిగింది. నిలిచి ఉన్నప్పుడు కారనిది, గాలికి నడిచేటప్పుడే కారుతోందంటే, ఎక్కడో ఒక అతుకు బరువు పడినప్పుడే విచ్చుకుంటోందన్నమాట.

అనుమానించదగ్గ చోట్లు నాలుగున్నాయి: తెరచాప స్తంభం దిగే గూడు, పడవ మధ్య నుంచి నీటిలోకి దింపే నడి పలకను పట్టి ఉంచే పెట్టె, చుక్కానిని బిగించిన బోల్టులు, పడవ అడుగూ పై కప్పూ కలిసే పక్క అతుకు. వీటిలో ఏదో తేల్చే ఉపాయం చెప్పింది కాకా భార్య. వాకిట్లో సంక్రాంతి ముగ్గుల కోసం తెచ్చిన రంగు పొడుల పొట్లాలు విప్పుతూ, మా మాటలు విని, "తలా ఒక రంగు పొయ్యుండ్రి. ఏ రంగు కారుతదో సూడుండ్రి" అన్నది. ఇంత సూటి ఉపాయం నాకు ఎక్కడా ఎదురుపడలేదు. ఆమె ఇచ్చిన పొడులనే మర్నాడు పొద్దున స్తంభం చుట్టూ పసుపు పచ్చ, నడి పలక పెట్టె చుట్టూ ఎరుపు, చుక్కాని బోల్టుల దగ్గర ఆకుపచ్చ, పక్క అతుకుల వెంట నీలం సన్నని గీతలుగా పోశాం. నేల మధ్యన తెల్ల ముగ్గు పిండి పలచగా చల్లాం.

గాలికి ఎదురుగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఒరిగేలా పడవను నడిపాం. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత పెట్టె మొదట్లో, ఎడమ వైపు, ఎర్ర గీత ఒకచోట ముదురు రంగుకు తిరిగింది. గోరంత తడి. అది చూస్తుండగానే చిన్న పాయగా కదిలి, తెల్ల పిండిలో దారి చేసుకుంటూ, నా కాలి పక్క నుంచి వెనక్కి పారి బిరడా దగ్గర గులాబీ రంగు మడుగు కట్టింది. పసుపు, ఆకుపచ్చ, నీలం పోసినవి పోసినట్టే పొడిగా ఉన్నాయి.

కారణం ఒడ్డున తేలింది. గాలి తెరచాపను పక్కకు నెడుతుంది; నీటిలోకి దిగిన నడి పలక ఆ జారుడును ఆపుతుంది; ఆ పెనుగులాట భారమంతా పెట్టె అడుగు అతుకు మీద పడుతుంది. పడవను వరిగడ్డి మోపుల మీద పక్కకు ఒరిగించి, బావ పలక కొసను పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపుతుంటే, నేను టార్చి వేసి చూశాను. అతుకు పొడవునా జానెడు మేర వెంట్రుక లాంటి పగులు తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉంది. దాని మీద ఎవరో ఎప్పుడో సిలికాన్ రెండు మూడు పొరలు పూశారు. సిలికాన్ ఉన్నచోట, పగులు పూడ్చే రెజిన్ జిగురు అంటుకోదు కాబట్టి దాన్ని చాకుతో గీకి, గరుకు కాగితంతో రుద్ది తెల్లటి ఫైబర్ కనబడేదాకా తీయడానికే సాయంత్రమైంది.

పగులు ఆరాలి కనుక ఆ పొద్దు మిగిలిన కాసేపు రామప్ప గుడికి వెళ్లాం. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి శిఖరంలోని ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. వాటి లోపలి సన్నని రంధ్రాలే అందుకు కారణం. మా పడవ పక్కల్లోని గాలి అరలు గుర్తుకొచ్చాయి. పడవ బోల్తా పడినా మునగకుండా నిలబెట్టేవి అవే. నేల మీది నీరు మగ్గుతో పోతుంది గానీ ఆ అరలో చేరిన నీరు కంటికి కనబడకుండా ప్రాణం మీదికి తెస్తుంది. తిరిగి రాగానే వాటి మూతల చుట్టూ సబ్బు నీళ్లు పూసి, సైకిలు పంపుతో కొద్దికొద్దిగా గాలి ఎక్కించాం. కంప్రెసరు గాలి పెడితే అరలే పగులుతాయి. ఎడమ మూత రబ్బరు దగ్గర బుడగలు వచ్చాయి.

మూడో రోజు బావ తెల్లవారుజామునే వరంగల్ వెళ్లి, ఫైబర్ ట్యాంకులు బాగుచేసే దుకాణం నుంచి రెజిన్, గట్టిపరిచే మందు, ఫైబర్ మ్యాట్ తెచ్చాడు. పగులును కొద్దిగా వెడల్పు చేసి రెజిన్ నింపి, పై నుంచి మూడు పొరల మ్యాట్ అద్దాం. మధ్యాహ్నపు ఎండకు అది రాయిలా గట్టిపడింది. ఎడమ మూతకు సరిపోయే రబ్బరు దొరకలేదు. ఆ మూతను గ్రీజు పూసి బిగించాం, రబ్బరు మార్చడం పండగ తర్వాతి పని.

సాయంత్రం నాలుగింటికి కాకాను కూడా ఎక్కించుకుని, పెట్టె చుట్టూ మళ్లీ ఎర్ర పొడి పోసి బయలుదేరాం. గంట సేపు తిరిగాం. కాకా చెరువు కట్ట వైపు ఒక్కసారీ చూడలేదు. వంగి, గీత మీదే కళ్లు పెట్టి కూర్చున్నాడు. ఒడ్డుకు వచ్చాక వేలితో ఆ పొడిని తీసి రెండు వేళ్ల మధ్య నలిపి, ఊదాడు. అది ఎగిరిపోయింది.