కత్తి వంగింది, చిప్ప కదల్లేదు

మొన్న ఆదివారం రొయ్యల కోసమని గుంటూరు నుంచి నిజాంపట్నం వెళ్లాం. హార్బర్ దగ్గర ఎవరో నీళ్లలోంచి తీసి పడేసిన బంగాళా పెంకు ముక్క దొరికింది, దాని నిండా ఆల్చిప్పలే. ఇంటికి తెచ్చి ఒకదాన్ని ఊడదీద్దామని కూరగాయల కత్తి పెట్టా. కత్తి వంగింది, వేలు తెగింది, చిప్ప మాత్రం కదల్లేదు.

ఆ కోపంతోనే చదవడం మొదలుపెట్టా. ఆల్చిప్ప పిల్ల రెండు మూడు వారాలు నీళ్లలో తేలుతూ తిరుగుతుందట. మిల్లీమీటరులో మూడో వంతు సైజుకొచ్చేసరికి దానికి ఒక నల్లటి కంటిచుక్క, చిన్న పాదం వస్తాయి, ఆ పాదంతో అడుగున పాకుతూ చోటు వెతుక్కుంటుంది, నచ్చకపోతే మళ్లీ ఈదుకుంటూ పోతుంది. (అమరావతి దగ్గర స్థలం కొంటానని మా బాబాయి నాలుగేళ్లుగా చేస్తున్నదీ ఇదే.) రాళ్ల మీద బ్యాక్టీరియా కట్టిన జిగట పొర, అప్పటికే అక్కడున్న పెద్ద చిప్పల నుంచి వచ్చే రసాయనాలు తగిలితే ఆగుతుంది. ఒకటి ఉన్నచోటే గుంపు కట్టేది అందుకు.

చోటు కుదిరిందా, పాదంలోని గ్రంథి నుంచి బొట్టు జిగురు వదిలి ఎడమ చిప్పని అందులో ఆనిస్తుంది. కాసేపట్లో గట్టిపడుతుంది. ఆ తర్వాత కన్నూ పాదమూ ఈత కొట్టే భాగమూ ఏవీ ఉండవు, ఇక జన్మంతా అక్కడే! మనం స్వాతి చినుకు కథలో చెప్పుకునే ముత్యపు చిప్ప వేరే రకం, అది దారాల్లాంటి వాటితో పట్టుకుంటుంది, కావాలంటే వాటిని వదిలేసి జరగగలదు.

నా పెంకు మీదున్నలాంటి ఆల్చిప్పల్ని పెంచేవాళ్లు, పిల్లలు వచ్చి అంటుకోవడానికని పాత చిప్పలకి బెజ్జాలు పెట్టి, దండలా గుచ్చి నీళ్లలో వేలాడదీస్తారు. తూత్తుకుడిలో మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు 1970ల్లోనే ఈ పెంపకం మీద పనిచేశారు. నాకు బాగా నచ్చింది ఎడ్రినలిన్ సంగతి: మనకి టెన్షన్‌లో ఊరేదే, అది కలిపిన నీళ్లలో ఉంచితే పిల్ల దేనికీ అంటుకోకుండానే రూపం మార్చేసుకుంటుంది.

ఫ్రాన్సులో అయితే పెంకులకి సున్నం పూసి ముంచేవాళ్లు, పిల్లలు అంటుకున్నాక ఆ సున్నం పొరతో సహా గీకేస్తే చక్కగా ఊడొచ్చేవి. నా పెంకుకి ఎవరూ సున్నం పూయలేదు కదా. నిన్న స్క్రూడ్రైవర్‌తో ఇంకోసారి చూశా, పై చిప్ప టక్కున వచ్చేసింది. ఎడమది ఇంకా పెంకుకే ఉంది, బాల్కనీ అంతా నీచు వాసన.