గడియారానికి ఎక్కిళ్ళు

"పాపా, నీ గడియారానికి ఎక్కిళ్ళొస్తున్నాయే" అంది అమ్మ. పొద్దుటూరు నుంచి వచ్చి అప్పటికి నాలుగు రోజులైంది. బెంగళూరు హూడిలో మా ఫ్లాట్ హాల్లో, టీవీ పైన గోడకి నేను చేసిన గడియారం వేలాడుతోంది. నాలుగు పెద్ద అంకెలు. అంకెకి ఏడు గీతలు, గీతకి ఐదు చొప్పున ఎల్ఈడీలు, మధ్యలో రెండు చుక్కలకి ఇంకో నాలుగు. మొత్తం 144. స్ట్రిప్‌ని మీటరుకి 144 ఎల్ఈడీలతో అమ్ముతారు కాబట్టి, ఒక్క మీటరు కొని అందులో ఒక్కటి కూడా మిగలకుండా సరిపెట్టినందుకు నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

అమ్మ కోసమే చేశాను దాన్ని. మా ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుంటాయి. అమ్మే ముందుకు పెడుతుంది, ఆ సంగతి అమ్మకే గుర్తుంటుంది, మళ్ళీ తనే తీసేసి లెక్క చూసుకుంటుంది. ఎవరూ ముట్టుకోలేని గడియారం ఒకటి చేసిస్తానని పంతం పట్టాను. టైం జీపీఎస్ నుంచి వస్తుంది, ముందుకు తిప్పడానికి మీటే ఉండదు. ఆఫీసులో పక్క సీటు నెల్లూరాయన విని, "ఒక ఆర్టీసీ చిప్, అదే రియల్ టైం క్లాక్, పెడితే అయిపోయేదానికి ఉపగ్రహాలెందుకు తల్లీ" అన్నాడు. ఆయన అన్నదీ నిజమే. కానీ ఓ శనివారం మెట్రోలో మెజెస్టిక్ దాకా వెళ్ళి, అక్కడ మారి చిక్కపేటలో దిగి, ఎస్పీ రోడ్డులో నియో-6ఎం అనే జీపీఎస్ మాడ్యూల్ కొనేశాను. కొన్నాక ఇక వాదన ఏముంటుంది?

ఆ మాడ్యూల్ సెకనుకోసారి వరసగా కొన్ని లైన్లు సీరియల్‌గా, అంటే ఒకే తీగ మీద బిట్టు తర్వాత బిట్టుగా, పంపుతుంది. వేగం 9600 బాడ్, అంటే సెకనుకి 9600 బిట్లు. ఒక్కో అక్షరానికి స్టార్ట్ బిట్, ఎనిమిది డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి పది బిట్లు. అంటే అక్షరానికి 1.04 మిల్లీసెకన్లు. నాకు కావలసింది ఆర్ఎంసీ అనే ఒక్క లైను. డాలర్ గుర్తు, జీపీఆర్ఎంసీ, కామా, ఆ వెంటనే గంటలు నిమిషాలు సెకన్లు ఆరంకెల్లో. అది గ్రీన్‌విచ్ టైం, దానికి ఐదున్నర గంటలు కలిపితే మనది.

కాలేజీలో ఈ పాఠం 8051 అనే పాత చిప్ మీద నేర్చుకున్నాను. 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, టీహెచ్1లో ఎఫ్‌డీ వేస్తే 9600. ఎందుకో తెలియకుండానే ఎక్కాల్లా బట్టీ పట్టాం. ఇక్కడ చిప్ అట్మెగా328పీ, ఆర్డుయినో ఊనో బోర్డు. తయారుగా ఉన్న సీరియల్ లైబ్రరీ వాడకుండా ఐఎస్ఆర్ నేనే రాసుకున్నాను. అక్షరం వచ్చిందని ఇంటరప్ట్ అనే పిలుపు రాగానే, చిప్ చేస్తున్న పని ఆపి పరుగెత్తే చిన్న కోడ్ అది. ఆఫీసులో ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన డ్రైవర్ల మీదే బతుకుతాం కదా, ఇంట్లోనైనా చేయి తిరుగుతుందని.

మొదటిసారి రాసిన ఐఎస్ఆర్ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్షరం రాగానే లోపలికి వెళ్ళి, దాన్ని లైనుకి అతికించి, లైను ముగిసిందేమో చూసి, ముగిస్తే అక్కడే విడగొట్టి, డీబగ్ కోసం అక్కడి నుంచే ప్రింట్ కూడా చేసేది. తలుపు కొట్టిన పోస్ట్‌మ్యాన్‌ని గుమ్మంలో నిలబెట్టి, ఉత్తరం మొత్తం చదివి, జవాబు రాసి చేతికిచ్చినట్టు. ఇరవై అక్షరాల ప్రింట్ బయటికి వెళ్ళడానికే ఇరవై మిల్లీసెకన్లు పడుతుంది, ఆలోపు జీపీఎస్ నుంచి ఇంకో ఇరవై వచ్చి నిలబడతాయి. అది ఒక్క సాయంత్రంలోనే తెలిసొచ్చింది. తర్వాత అందరూ చేసేదే చేశాను. ఐఎస్ఆర్ రిజిస్టర్‌లోంచి బైటు తీసి రింగ్ బఫర్‌లో, అంటే చివరికి చేరాక మళ్ళీ మొదటికి చుట్టే వరసలో, పడేసి, రాసే చోటుకి గుర్తైన హెడ్‌ని ఒకటి ముందుకు జరిపి వచ్చేస్తుంది. మెయిన్ లూప్ తీరిగ్గా, చదివే చోటుకి గుర్తైన టెయిల్ వైపు నుంచి తీసుకుని లైను కూరుస్తుంది. హెడ్‌ని జరిపేది ఐఎస్ఆర్ మాత్రమే, టెయిల్‌ని జరిపేది లూప్ మాత్రమే. రెండూ ఒక్క బైటు అంకెలే కాబట్టి సగం చదివేసరికి ఇంకో సగం మారిపోయే గొడవ ఈ ఎనిమిది బిట్ల చిప్‌లో రాదు. వాటికి వోలటైల్, అంటే ఎప్పుడైనా మారొచ్చు, అని రాయడం మరిచిపోతే మాత్రం, హెడ్ మారదనుకుని కంపైలర్ పాత విలువనే పట్టుకుని కూర్చుంటుంది. మరిచిపోయాను, ఒక ఆదివారం పోయింది.

ఇదంతా సర్దుకుని, గడియారం గోడకెక్కి, వారం రోజులు తిరిగింది. నేను చూసినప్పుడల్లా టైం సరిగ్గానే ఉంది. నేను చూసేదెప్పుడు? ఆఫీసుకి వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి. అమ్మ మాత్రం దాని కిందే టీవీ చూస్తుంది. "అరగంట సీరియల్‌కి రెండుసార్లు వస్తాయి. ఏవేవో అంకెలు గబగబా మారి మళ్ళీ మామూలైపోతుంది" అంది. అమ్మ సీరియల్ చూస్తూ నా సీరియల్‌లో తప్పు పట్టిందన్నమాట.

అరగంటకి రెండుసార్లు అన్న మాట మీద నేను అప్పుడే ఆగి ఉండాల్సింది. ఆగలేదు. అక్షరాలు పోతున్నాయంటే బఫర్ చిన్నదై ఉంటుందని 64ని 128 చేశాను, తర్వాత 256 చేశాను. ఎక్కిళ్ళు తగ్గలేదు. మర్నాడు ఆఫీసు క్యాంటీన్‌లో నెల్లూరాయనకి చెప్తే, టీ ఊదుకుంటూ ఒక్కటే అడిగాడు. "రింగ్‌లో పడ్డాక పోతోందా, పడకముందే పోతోందా?"

రింగ్ నిండిపోయిన సందర్భాలు లెక్కపెట్టడానికి ఒక కౌంటర్ పెట్టాను. రాత్రంతా సున్నా. అంటే రింగ్‌కి ఏ పాపమూ తెలియదు. యూసర్ట్ స్టేటస్ రిజిస్టర్‌లో డేటా ఓవర్‌రన్ అనే బిట్ ఒకటుంది. యూసర్ట్ అంటే చిప్‌లో సీరియల్ అక్షరాలు అందుకునే భాగం, అది అందుకోలేక అక్షరం పోతే ఈ బిట్ వెలుగుతుంది. డేటా తీసేముందే దాన్ని చూడాలి, తీశాక చూస్తే లాభం లేదు. దానికీ ఒక కౌంటర్ పెట్టాను. పొద్దున్నే లేచి చూస్తే వేలల్లో ఉంది.

మా అపార్ట్‌మెంట్‌లో అన్ని తలుపులకీ సంచులు వేలాడుతుంటాయి, తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసిపోవడానికి. మా సంచిలో రెండు ప్యాకెట్లు పడతాయి. ఈ చిప్ కూడా అంతే. వచ్చిన అక్షరాలు రెండు దాని సంచిలో ఆగుతాయి, మూడోది షిఫ్ట్ రిజిస్టర్‌లో, అంటే వేసేవాడి చేతిలోనే, ఉండిపోతుంది. మనం తలుపు తీయకముందే నాలుగోది మొదలైతే చేతిలో ఉన్నది పోతుంది. 9600 దగ్గర ఇది జరగాలంటే రెండు మిల్లీసెకన్లకి పైగా ఎవరూ తలుపు తీయకూడదు. నా ఐఎస్ఆర్ తీసుకునేది కొన్ని మైక్రోసెకన్లు. మరి అంతసేపు తలుపు బిగించి కూర్చున్నదెవరు?

ఎల్ఈడీలు. ఈ డబ్ల్యూఎస్2812 జాతి ఎల్ఈడీలకి బిట్‌కి 1.25 మైక్రోసెకన్ల చొప్పున, మధ్యలో లయ తప్పకుండా పంపాలి. అందుకే లైబ్రరీ పంపడం మొదలుపెట్టేముందు ఇంటరప్టులన్నీ ఆపేస్తుంది, అయ్యాకే తిరిగి తెరుస్తుంది. ఎల్ఈడీకి 24 బిట్లు, అంటే 30 మైక్రోసెకన్లు. 144 ఎల్ఈడీలకి 4.32 మిల్లీసెకన్లు. నాలుగు అక్షరాల కాలం! రెండు సంచిలో ఆగితే, తర్వాతి రెండూ పోతాయి. ఒక్క ఎల్ఈడీ మిగల్లేదని మురిసిపోయిన ఆ మీటరు స్ట్రిప్పే.

సరే, దొంగ దొరికాడు. కానీ ఎల్ఈడీలని నేను ప్రతి సెకనూ రాస్తున్నాను, మధ్య చుక్కలు మినుకుమనాలి కదా. అలాంటప్పుడు తప్పు కూడా ప్రతి సెకనూ రావాలి. పావుగంటకోసారే ఎందుకు? ఇక్కడ అమ్మ మాట పనికొచ్చింది. పొద్దున కాఫీ తాగుతూ ఫోన్‌ని గడియారం వైపు పెట్టి వీడియో తీస్తూ కూర్చున్నాం. 6:53కి దొరికింది. నిదానంగా తిప్పి చూస్తే సెకనుకొకటి చొప్పున ఇలా వచ్చాయి. 5:11, 5:12, 9:13, 7:14, 6:55. ఆ తర్వాత బుద్ధిగా 6:53.

కాగితం తీసుకున్నాను. 6:53 అంటే గ్రీన్‌విచ్‌లో 01:23, సెకన్లు 41 నుంచి 45 దాకా నడిచాయనుకుందాం. లైనులో అంకెలు 0, 1, 2, 3, 4, ఆపైన సెకన్ల చివరి అంకె. నా కోడ్ కామాలని వెతకదు, ఎనిమిదో అక్షరం నుంచి నాలుగంకెలు కళ్ళు మూసుకుని తీసుకుంటుంది. 41 అప్పుడు కామా, 0 పోతే అన్నీ రెండడుగులు ముందుకు జరిగి 23:41 అవుతుంది, ఐదున్నర కలిపితే 5:11. 42 అప్పుడు 0, 1 పోతే 23:42, అంటే 5:12. 43 అప్పుడు 1, 2 పోతే 03:43, అంటే మనకి 9:13. 44 అప్పుడు 2, 3 పోతే 01:44, అంటే 7:14. 45 అప్పుడు 3, 4 పోతే 01:25, అంటే 6:55. ఆ తర్వాత పోయేవి సెకన్ల అంకెలు, వాటిని నేను చూపించను కాబట్టి కనబడవు. కామాకి ముందు పోతే జీపీఆర్ఎంసీ అన్న పేరే కుదరదు, లూప్ ఆ లైనుని వదిలేస్తుంది.

పోయే అక్షరాల జత సెకనుకి ఒక్కో అడుగు ముందుకు జరుగుతోందన్నమాట! కాగితం మీద అది చూసినప్పుడు చిన్నగా కేక వేశాను. పోపు పెడుతున్న అమ్మ ఏమైందని బయటికొచ్చింది.

సెకనుకోసారి అనే లెక్క చిప్‌లోని టైమర్1ది. 16 మెగాహెర్ట్జ్‌ని 256తో భాగించి 62,500 లెక్కపెడితే ఒక సెకను. కానీ ఊనోలో ఆ చిప్‌కి పెట్టింది క్వార్ట్జ్ క్రిస్టల్ కాదు, అంత కచ్చితంగా ఉండని సిరామిక్ రెసొనేటర్. నా బోర్డులో అది వెయ్యికి ఒకటి చొప్పున నెమ్మది. నా సెకను జీపీఎస్ సెకను కంటే ఒక మిల్లీసెకను పొడుగు, అంటే దాదాపు ఒక అక్షరం పొడుగు. ఎల్ఈడీలు రాసే క్షణం జీపీఎస్ లైన్ల మీద సెకనుకో అక్షరం చొప్పున పాకుతూ పోయి, వెయ్యి సెకన్లకి చుట్టు తిరిగి మొదటికొస్తుంది. వెయ్యి సెకన్లంటే పదహారు నిమిషాల నలభై సెకన్లు. అరగంట సీరియల్‌కి దాదాపు రెండుసార్లు. సంకేతాల్ని కొలిచే ఆసిలోస్కోప్ లేని ఇంట్లో అమ్మ ఆ మాత్రం కొలిచింది.

ఒక పక్కమాట. టైమర్1 బదులు ఆర్డుయినోలో తయారుగా ఉండే మిల్లీస్ అనే లెక్కని నమ్ముకుని ఉంటే ఇంకా చిక్కయ్యేది. దాని టైమర్ 1.024 మిల్లీసెకన్లకోసారి నిండి పొంగుతుంది, ఆ పొంగుల్ని లెక్కపెట్టేది ఇంటరప్టే. తలుపు మూసి ఉన్న ఆ నాలుగు మిల్లీసెకన్లలో ఎన్నిసార్లు పొంగినా గుర్తుండేది ఒక్కసారే.

ఇక బాగుచేయడం పెద్ద పనేమీ కాలేదు. ప్రతి లైను చివర నక్షత్రం గుర్తు తర్వాత, లైను చెడకుండా వచ్చిందో లేదో చూసుకోవడానికి చెక్‌సమ్ ఉంటుంది. డాలర్‌కీ నక్షత్రానికీ మధ్య ఉన్న అక్షరాలన్నిటినీ ఎక్స్‌ఆర్ చేస్తే వచ్చేదే అది. మొదటి రోజే చూడాల్సినదాన్ని బద్ధకించాను. ఓవర్‌రన్ బిట్ కనబడితే ఆ లైను పాడైనట్టు గుర్తు పెట్టుకునేలా ఐఎస్ఆర్‌లో ఒక వాక్యం చేర్చాను. ఈ రెండిటితో తప్పుడు టైం చూపించడం ఆగింది, అక్షరాలు పోవడం మాత్రం ఆగలేదు. అది ఆగాలంటే జీపీఎస్ మాట్లాడుతున్నప్పుడు ఎల్ఈడీలు నోరు మూసుకోవాలి. అందుకని ఎల్ఈడీలు రాయడాన్ని టైమర్ చేతిలోంచి తీసేశాను. ఇరవై మిల్లీసెకన్లపాటు ఒక్క అక్షరమూ రాలేదంటే ఆ సెకనుకి చెప్పాల్సింది చెప్పేసినట్టే, అప్పుడు రాయి అన్నాను. అక్కరలేని లైన్లు పంపొద్దని బోర్డు ఆన్ అవగానే ‘పీయూబీఎక్స్,40’ అనే కమాండ్‌తో మాడ్యూల్‌కి చెప్పాను. ఇప్పుడు సెకనులో దాదాపు డెబ్భై మిల్లీసెకన్లు అది మాట్లాడుతుంది, మిగతాదంతా మౌనం. అంకెలు కనీసం సెకనులో పదో వంతు ఆలస్యంగా మారతాయి. పది నిమిషాలు ముందుంచుకునే మనిషికి అదొక లెక్కా?

నెల్లూరాయనకి చూపిస్తే, ఎస్‌టీఎం32 లాంటి చిప్ అయితే డీఎంఏ (ప్రాసెసర్‌ని పిలవకుండానే అక్షరాలు మెమరీలోకి చేరే ఏర్పాటు) పెట్టి, ఐడిల్ లైన్ ఇంటరప్ట్ (లైను మౌనమైందని చెప్పే పిలుపు) వాడేస్తే ఈ తంటాలేవీ ఉండేవి కావన్నాడు. ఆఫీసులో నేను చేసేది అదే. అందుకే పదేళ్ళుగా ఓవర్‌రన్ బిట్ ముఖం చూడలేదు.

ఓవర్‌రన్ కౌంటర్ తొమ్మిది రోజులు సున్నా దగ్గరే ఉంది. పదో రోజు అమ్మ గడియారాన్ని పాత దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని పొద్దుటూరు తీసుకెళ్ళింది. యాంటెన్నాని కిటికీ దగ్గర ఎలా పెట్టాలో తమ్ముడికి వీడియో కాల్‌లో చూపించాను.

మొన్న ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాను.

"ఎక్కిళ్ళు రావడం లేదులే. టైం కూడా కరెక్టుగా ఉంది."

"మరి?"

"రాత్రిపూట ఆ వెలుగుకి మీ నాన్నకి నిద్ర పట్టడం లేదు పాపా. తువ్వాలు కప్పినాను."