ఏనుగు పైసాకు చింతపండు పెట్టి తోమకండి

బెంగళూరు అవెన్యూ రోడ్డు వైపు పాత సామాన్లలో ఏనుగు బొమ్మ రాగి నాణెం కనబడితే చాలు, అది టిప్పు పైసా అనేస్తారు. 1799లో టిప్పు పోయాక మైసూరు గద్దెనెక్కిన ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు ఖజానా కూడా ముందు ఏనుగునే కొట్టించింది, సింహం తర్వాత వచ్చింది. అందుకే ఏనుగు బొమ్మకు పైన ఏముందో చూడాలి. అక్కడ సూర్యచంద్రులు, కన్నడ "శ్రీ" ఉంటే ఒడెయరుది. ఆ అక్షరం తెలుగు చదివే కంటికి ఇట్టే పడుతుంది. కొన్నిటిపై "శ్రీ చాముండి" అనీ, బొరుసు మీద "మయిలి కాసు" అనీ ఉంటుంది.

టిప్పు నాణెంలో తికమకంతా ఏడాదితోనే. 1787 ప్రాంతంలో ఆయన ప్రవక్త జననం నుంచి లెక్కించే మౌలూదీ శకం పెట్టి, అంకెలను కుడి నుంచి ఎడమకు వేయించాడు. అంటే 5221 అని కనిపిస్తే అది 1225. (1221 మాత్రం ఎటు చదివినా ఒకటే!) రాగి బిళ్ల కంటే అచ్చు పెద్దది కావడంతో ఒక అంకె అంచు దాటిపోవడం మామూలే, దాన్ని లోపం అనుకోవద్దు. బొరుసు మీద పారసీలో టంకశాల పేరుంటుంది. "ఫైజ్ హిసార్" అని ఉంటే అది మన అనంతపురం వైపు గుత్తి.

తూకం తప్పనిసరి. పైసా సుమారు 11 గ్రాములు, అర పైసా అందులో సగం. అరిగినదైతే కాస్త తగ్గుతుంది. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, బొమ్మ, అక్షరాలు లేని ఖాళీ చోట సూదిబెజ్జాల్లాంటి గుంటలు కనిపిస్తే పోత పోసిన నకిలీ అని అనుమానించండి. అచ్చుతో కొట్టిన అసలుదానికి అతుకు ఉండదు.

ఇక శుభ్రం. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి పాలిష్ వద్దే వద్దు. పులుపు పైనున్న గోధుమరంగు పొరను తినేసి, నాణేన్ని గులాబీరంగుకు తెస్తుంది. అక్షరాల అంచులు మొద్దుబారతాయి, ధర పడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో వారం నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, మట్టిని వెదురు పుల్లతో మెల్లగా తీయండి. పూర్తిగా ఆరనివ్వండి. నున్నగా, గట్టిగా ఉన్న ముదురు పచ్చపొరను కదపొద్దు. పిండిలా రాలే లేత పచ్చ చిలుము తుడిచినా మళ్లీ వస్తుంటే లోపల రాగిని తినేసే క్లోరైడు ఉన్నట్టే. ఆ నాణేన్ని వేరే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో ఉంచండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కూడా పచ్చటి జిగురు పట్టిస్తాయి. అది పడితే అసిటోన్‌తో పోతుంది.