పిక్కల బస్తా లెక్క: జీడి యూనిట్ మేనేజరుగా నా అనుభవం

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్ నడిపేవాళ్ళకి ఏడాది పొడవునా మూడే ప్రశ్నలు. పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడి గింజలు, ఎప్పుడు కొనాలి, ఎంత కొనాలి, పప్పు ఎవరికి ఏ షరతు మీద అమ్మాలి. నేను అలాంటి ఒక చిన్న యూనిట్‌లో మేనేజర్‌ని. బీకామ్ చదివాను, ట్యాలీ వచ్చు, జీఎస్‌టీ రిటర్నులు నేనే వేస్తాను. ఖాతా పుస్తకాల్లోని అంకెలతో ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పడం మాత్రం పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నదే.

ఆడిట్ రిపోర్టు సెప్టెంబరులో వస్తుంది. అందులో ఉండేది మార్చి 31 నాటి పరిస్థితి. మన ప్రాంతం పిక్కలు మార్కెట్లోకి వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. అంటే రిపోర్టు చేతికొచ్చేసరికి సీజన్ కొనుగోళ్ళు అయిపోయి ఉంటాయి. ఒక ఏడాది ఆడిటర్ గారి దగ్గర నుంచి వచ్చి మా సార్ (యూనిట్ యజమాని) అడిగారు: “ఏంటయ్యా, లాభం వచ్చిందంటున్నారు. బ్యాంకులో చూస్తే ఏమీ లేదు. ఎటు పోయినట్టు డబ్బు?” నేను ఆయన్ని గోడౌన్‌కి తీసుకెళ్ళి బస్తాలు చూపించాను. తర్వాత వ్యాపారుల నుంచి రావాల్సిన బకాయిల జాబితా చూపించాను. లాభం అక్కడ ఉంది, పిక్కల రూపంలో, బాకీల రూపంలో. ఆ రోజు నుంచే ఏడాది లెక్కతో ఆగకుండా బస్తా లెక్క, నగదు లెక్క విడివిడిగా రాయడం మొదలుపెట్టాం.

బస్తా లెక్క ఇలా ఉంటుంది. ధరలు రోజూ మారతాయి కాబట్టి అర్థం కావడానికి గుండ్రటి అంకెలు వేస్తున్నాను. 80 కేజీల బస్తా, కేజీ 130 చొప్పున 10,400 రూపాయలు. బాయిలింగ్, కటింగ్, బోర్మాలో (వేడి గదిలో) ఆరబెట్టడం, పీలింగ్, గ్రేడింగ్, టిన్ను ఖర్చు అన్నీ కలిపి 1,800. పప్పు 20 కేజీలు దిగిందనుకుందాం: గుండు (విరగని పప్పు) 12 కేజీలు 700 చొప్పున, బద్ద (రెండుగా చీలిన పప్పు) 5 కేజీలు 620 చొప్పున, ముక్కా నూకా 3 కేజీలు 500 చొప్పున. మొత్తం 13,000. పెంకు నూనె మిల్లుకి వెళ్తే ఇంకో 300. ఖర్చులు పోను బస్తాకి 1,100 మిగులుతుంది. ఇందులోంచే అద్దె, జీతాలు, ఇన్సూరెన్సు, కరెంటు మినిమమ్ ఛార్జీ కట్టాలి. యూనిట్ నిండుగా నడిస్తే అవి బస్తాకి 400 పడతాయి, సగమే నడిస్తే 800.

“గుండు కేజీకి మనకెంత పడింది?” అని అందరూ అడుగుతారు. దానికి నిజమైన జవాబు లేదు. గుండూ బద్దా నూకా ఒకే పిక్కల రాశిలోంచి వస్తాయి, పిక్కల ఖరీదుని వాటి మధ్య ఎలా పంచినా అది మనం పెట్టుకున్న పద్ధతే. ధర నిర్ణయించేటప్పుడు చూడాల్సింది మొత్తం బస్తా మీద చేతికి ఎంత వచ్చిందని. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక మా నిర్ణయాలు చాలా మారాయి.

మొదట మారింది పీలింగ్ కూలి. మా దగ్గర పొట్టు తీసేది దాదాపు అందరూ ఆడవాళ్ళే, కేజీల లెక్కన కూలి. ఎంత వేగంగా తీస్తే అంత డబ్బు, వేగంలో గుండు విరిగి బద్ద అవుతుంది. కేజీ గుండు బద్దగా మారితే 80 రూపాయలు పోయినట్టే. అందుకని గుండు మీద కేజీకి 3 రూపాయలు ఎక్కువ ఇద్దామని సార్‌కి చెప్పాను. “ఉన్న కూలికే కష్టంగా ఉంటే ఇంకా పెంచుతావా?” అన్నారు. కాగితం మీద వేసి చూపించాను: బస్తాకి ఒక్క కేజీ గుండు ఎక్కువ దిగినా 13 కేజీల మీద ఇచ్చేది 39, వచ్చేది 80. ఒప్పుకున్నారు. అక్కడ పని చేసే ఒక అక్క ఆ వారమే నాతో అన్నది: “బోర్మాలోంచి సరిగ్గా ఆరకుండా ఇస్తే మేమేం చేస్తాం బాబూ, పొట్టు పట్టుకొని ఊడదు, పప్పు విరుగుద్ది.” ఆ మాట ఏ లెడ్జర్‌లోనూ కనపడదు. ఆరబెట్టే సమయం సరిచేశాం, గుండు శాతం పెరిగింది. అంకె ఎక్కడ చూడాలో చెప్తుంది, కారణం చెప్పేది పని చేసే మనిషే.

పీలింగ్ మెషిన్ సంగతీ ఇంతే. అమ్మేవాళ్ళు కూలి ఆదా ఒక్కటే చూపిస్తారు. కేజీకి 10 రూపాయలు మిగిలితే బస్తాకి 200. మేం చూసిన మెషిన్ దగ్గర బస్తాకి రెండు కేజీల గుండు అదనంగా విరిగింది, అంటే 160 పోయింది. మిగిలిన 40లో కరెంటు, మరమ్మతులు, లోను కిస్తీ. కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో చిన్న ఆహార యూనిట్లకి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ పెట్టారు. సబ్సిడీ మెషిన్ ధర తగ్గిస్తుంది గానీ విరిగే పప్పుని తగ్గించదు. అందుకే ఆ మెషిన్ వద్దనుకున్నాం, కటింగ్‌కి మాత్రం మెషిన్ తీసుకున్నాం.

అన్నిటికంటే కష్టమైన నిర్ణయం సీజన్ కొనుగోలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడి, కొబ్బరి తోటల్ని కూల్చేసింది. జీడి మొక్క నాటితే కాపుకి రావడానికి మూడేళ్ళ పైమాటే. అందుకే మన పిక్కలు దొరికినప్పుడే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోవాలన్న ఆత్రం ఇక్కడ అందరికీ ఉంటుంది. దొరక్కపోతే ఆఫ్రికా పిక్కలే దిక్కు, వాటి ధర డాలర్లతో ముడిపడి ఉంటుంది. ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ 10 శాతం వడ్డీకి 10,400 రూపాయలు ఆరు నెలలు గోడౌన్‌లో పెడితే వడ్డీయే 520. 1,100లోంచి అద్దె, జీతాల 400 పోను బస్తా మీద 700 మిగలాల్సిన చోట 180 మిగులుతుంది.

దానికి తోడు బ్యాంకు. సీసీ ఖాతాకి, అంటే సరుకు హామీ మీద బ్యాంకు అప్పు వాడుకునే ఖాతాకి, నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. 40 లక్షల సరుకుంటే 25 శాతం మార్జిన్ పోను 30 లక్షల వరకే వాడుకోనిస్తారు. పిక్కల ధర 10 శాతం పడిపోతే అదే సరుకు 36 లక్షలు, వాడుకోగలిగేది 27. ఒక్క బస్తా కూడా కదలకుండా మూడు లక్షలు ఎక్కడి నుంచో తెచ్చి ఖాతాలో వెయ్యాలి. ఇది చూశాక సార్, నేను కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం: ధర 10 శాతం పడినా తట్టుకోగలిగినంతే సీజన్‌లో కొనడం, మిగతాది విడతలుగా తీసుకోవడం.

ధర మరీ పడి బస్తాకి 300 మాత్రమే మిగిలిన నెలలు కూడా ఉన్నాయి. అద్దె, జీతాల 400 ఖర్చు ముందు అది నష్టమే. అయినా యూనిట్ ఆపలేదు. ఆపితే 400 మొత్తం మీద పడుతుంది, నడిపితే 100. ఆడవాళ్ళకి పని కూడా పోదు. దీర్ఘకాలం అలా నడపలేం గానీ వర్షాకాలం గట్టెక్కడానికి అదే సరైన లెక్క.

ఈ లెక్కలన్నీ ఒకే చోట కలిసింది ఒక హైదరాబాద్ వ్యాపారి ఆర్డర్‌లో. పెళ్ళిళ్ళ సీజన్‌కి ఏప్రిల్‌లో ఆయనకి గుండు మాత్రమే కావాలి. కేజీకి మార్కెట్ మీద 20 రూపాయలు ఎక్కువ, డబ్బు 60 రోజులకి. 700 మీద 60 రోజుల వడ్డీ పదకొండున్నర, కాబట్టి చూడ్డానికి లాభమే. కానీ గుండు వెళ్ళిపోతే బద్ద మన దగ్గరే ఉండిపోతుంది, స్వీటు షాపులు దాన్ని గట్టిగా అడిగేది దసరా, దీపావళికి. పైగా డబ్బు వచ్చేది జూన్‌లో, పిక్కలు కొనాల్సింది మేలో.

మాది చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న తయారీ యూనిట్. అలాంటి యూనిట్ల కోసం ఉన్న 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా మాకు డబ్బు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు. ఆ గడువు దాటి కట్టకుండా ఉంచిన సొమ్ముని కొన్నవాళ్ళు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరని 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చింది. ఫోన్లో ఇది చెప్తే, “అంత రూల్స్ మాట్లాడతారేంటండీ?” అన్నారాయన. “మీ ఆడిటర్ గారిని అడగండి సార్, మీకే ఉపయోగం” అన్నాను. నాలుగు రోజులకి మళ్ళీ ఆయనే చేశారు.

చివరికి అదనపు ధర 20 నుంచి 8 రూపాయలకి దిగింది. గడువు 30 రోజులకి తగ్గింది. ప్రతి 12 కేజీల గుండుకీ 3 కేజీల బద్ద తీసుకోవాలని రాసుకున్నాం. వడ్డీ పోను కేజీకి మిగిలేది రెండు రూపాయల చిల్లరే, ముందటి షరతు మీద ఎనిమిదిన్నర మిగిలేది. సార్ కాసేపు ఆ కాగితాన్నే చూసి, “తక్కువే కదా?” అన్నారు. “తక్కువే సార్, కానీ మేలో మన చేతిలో ఉంటుంది” అన్నాను. మే రెండో వారంలో డబ్బు పడింది. ఉద్దానం రైతుల దగ్గర ఆ విడత పిక్కలు సీసీ ముట్టుకోకుండా నగదుకే కొన్నాం, నగదు కాబట్టి బస్తాకి కొంచెం తగ్గించి ఇచ్చారు కూడా.