పైచర్మం: ఇటుకల కన్నా మధ్యనున్న సున్నమే ముఖ్యం

కాగితం అంచు గీసుకుని చర్మం లేచినా ఒక్కోసారి రక్తం రాదు. కోత ఎపిడెర్మిస్ దాటలేదన్నమాట. ఈ పైపొరలో రక్తనాళాలు లేవు. కిందనున్న డెర్మిస్ నుంచి ఊరివచ్చే పోషకాలే దీనికి ఆధారం. మందం కనురెప్పల మీద సుమారు 0.05 మిల్లీమీటర్లు, అరికాళ్లలో 1.5 దాకా.

ఇందులో సుమారు 90 శాతం కెరాటినోసైట్లే, అంటే కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్‌ను తయారుచేసే కణాలే. అట్టడుగున బేసల్ వరుసలో పుట్టి, పైకి జరుగుతూ రూపం మార్చుకుంటాయి. దాని పైది ముళ్ల పొర. నిజానికి అక్కడ ముళ్లేమీ లేవు. స్లైడు తయారీలో కణాలు ముడుచుకుపోయినా, వాటిని కలిపే డెస్మోసోములు మాత్రం పట్టు వదలవు. ఆ సాగిన చోట్లే ముళ్లలా కనిపిస్తాయి. పెంఫిగస్ అనే బొబ్బల జబ్బులో శరీరపు యాంటీబాడీలు దాడి చేసేది ఈ అతుకుల మీదే. అందుకే అందులో బొబ్బలు వదులుగా ఉండి ఇట్టే చిట్లిపోతాయి.

అసలు పనంతా ఆ పైనున్న రేణువుల పొరలో జరుగుతుంది. కణం తన కేంద్రకాన్ని కోల్పోతూ, సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలను బయటికి వదులుతుంది. అన్నిటికన్నా పైనున్న కొమ్ము పొరలో చనిపోయి చదునైన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సున్నం ఈ కొవ్వే. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా ఆపేది ప్రధానంగా ఇదే. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రం కొమ్ము పొర కింద పారదర్శకంగా మరో పలుచని పొర ఉంటుంది.

చర్మం పైభాగం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) దాదాపు 5. మామూలు సబ్బుది 9 నుంచి 10. క్షారత పెరిగితే సెరమైడ్లను తయారుచేసే ఎంజైములు మందగిస్తాయి, అతుకులను కోసేవి చురుకవుతాయి. పైగా సబ్బు కొవ్వునీ కడిగేస్తుంది. పొడిబారిన చర్మాన్ని ఇంకా రుద్దడం అందుకే తప్పు. స్నానం తర్వాత తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ రాయాలి.

మామూలుగా అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలడానికి నాలుగు వారాలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. సోరియాసిస్‌లో కొద్ది రోజులే. కేంద్రకం కరిగే వ్యవధి కూడా దొరకదు, పొలుసులు గుట్టపడతాయి.

మిగతా కణాల్లో ముందు చెప్పాల్సింది మెలనోసైట్ల గురించి. ఒక్కోటి దాదాపు 36 కెరాటినోసైట్లకు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పంచుతుంది. అది వాటి కేంద్రకం మీద గొడుగులా నిలిచి అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. తెల్లవారికైనా నల్లవారికైనా వీటి సంఖ్య ఇంచుమించు ఒకటే. తేడా మెలనిన్ పరిమాణంలో, రకంలో, రేణువుల సైజులో. బొల్లిలో పోయేవి ఈ కణాలే.

మెర్కెల్ కణాలు స్పర్శకు, వేలికొసల్లో ఎక్కువ. లాంగర్‌హాన్స్ కణాలు రోగనిరోధక కాపలాదారులు. 1868లో వైద్య విద్యార్థిగా ఉండగా పాల్ లాంగర్‌హాన్స్ వీటిని వర్ణించాడు, చాచిన కొమ్మలు చూసి నాడీకణాలనుకున్నాడు.